పేడ ఎత్తే రీసెర్చ్ అంటే ఇంట్లో నవ్వుతున్నారు. అడవి జంతువుల మీద థీసిస్ చెయ్యొచ్చా?

పలమనేరు పిల్ల:

అందరికీ నమస్తే. నేను తిరుపతి వెటర్నరీ కాలేజీలో బీవీఎస్సీ చివర్లో ఉన్నాను, ఇంటర్న్‌షిప్ నడుస్తోంది. మాది పలమనేరు పక్కన పల్లె, ఇంట్లో 4 జెర్సీ ఆవులు, పొద్దున సాయంత్రం కేంద్రానికి పాలు పోస్తాం. ఎంవీఎస్సీలో అడవి జంతువుల ఆరోగ్యం మీద ఏదైనా చెయ్యాలని చాలా రోజుల నుంచి ఉంది.

ఇంటర్న్‌షిప్‌లో భాగంగా తిరుపతి జూకి వేశారు. నేనేమో పులికి మత్తు సూది కొడతారు, పక్కన నిలబడి చూడొచ్చు అనుకుంటూ పోయాను. ఉన్నన్ని రోజులూ ఒక్క సూది కూడా పడలేదు. పొద్దున్నే ఎన్‌క్లోజర్లు తిరగడం, రాత్రి పెట్టిన మాంసం ఎంత మిగిలిందో చూడటం, జంతువు ఎలా నడుస్తుందో చూడటం, మలం ఎత్తి డబ్బాలో వేసి లేబుల్ రాయడం. ఇంతే. ఇంటికొచ్చి చెబితే మా తాత పడీపడీ నవ్వాడు. "పేడ ఎత్తడానికి అయిదున్నరేళ్ళ చదువా, మన కొట్టంలోనే ఉండుంటే పదో తరగతికే డాక్టరు అయిపోయేదానివి" అంటాడు. అమ్మ నవ్వలేదు కానీ ఆమె మొహంలో అదే ప్రశ్న ఉంది.

అసలు జంతువుని ముట్టుకోకుండా చేసే రీసెర్చ్‌కి విలువ ఉంటుందా? జూలో చూసింది అడవిలో జంతువుకి పనికొస్తుందా, లేక రెండూ వేరే లోకాలా? డబ్బు పెద్దగా లేకుండా తిరుపతి, పలమనేరు మధ్య తిరుగుతూ ఏడాదిన్నరలో తేలిపోయే టాపిక్ ఏదైనా ఉందా? సీనియర్లు ఎవరైనా ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి, తిట్టినా పర్లేదు.

పాత స్టెతస్కోపు:

తిట్టను కానీ మీ తాతకి జవాబు చెబుతాను. నేను రిటైరైన పశువైద్యుణ్ణి, సర్వీసులో కొన్నేళ్ళు జూ పని చూశాను.

మీరు నడిచిన ఆ జూ 1987లో పెట్టింది, 5,500 ఎకరాలకు పైన. సర్కస్‌లలో పులులు సింహాలు ఆడించకూడదని కేంద్రం నిషేధం పెట్టి, 2001లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేశాక, ఆ జంతువుల్ని దించిన చోట్లలో తిరుపతి ఒకటి. ఆ సింహాల్లో చాలావరకు ఆఫ్రికా, గుజరాత్ గిర్ రక్తం కలిసిపోయినవి, సర్కస్ వాళ్ళు చూసుకోకుండా కలిపేసినవి. వాటికి పిల్లలు పుట్టకూడదని మగవాటికి ఆపరేషన్ చేసి, ముసలితనం దాకా అక్కడే ఉంచారు. కీళ్ళ నొప్పులు, అరిగిన కోరలు, చివరికి కిడ్నీ. పెద్ద పిల్లులు ముసలివైతే కిడ్నీ పోవడం జూలలో మామూలే. అడవిలో పులికి ఆ వయసు దాకా బతికే భాగ్యం చాలా వాటికి దక్కదు, అందుకే ఆ జబ్బు అక్కడ మనకి కనపడదు. జూ, అడవి రెండు లోకాలా అని అడిగావు. జూలో వయసు తెలుసు, తిండి తెలుసు, అమ్మా నాన్నా ఎవరో తెలుసు, రోజూ కళ్ళముందు ఉంటుంది. ఫలానా జంతువు రక్తంలో ఏది ఎంత ఉంటే మామూలు, ఏ మందు ఎంత డోసు అన్నది మనకి జూల నుంచే ఎక్కువ తెలిసింది. 2023లో అలిపిరి నడకదారిలో చిన్నపాపను చిరుత చంపాక బోనుల్లో పట్టిన చిరుతల్ని తెచ్చి పెట్టింది కూడా ఈ జూలోనే. అప్పుడు ఏ చిరుత ఆ పని చేసిందో తేల్చడానికి నమూనాలు ల్యాబ్‌కి పంపారు. ఆ రోజున లోకాలు రెండు కాదు కదా.

ఇక పేడ సంగతి. జంతువు భయపడితే, ఒత్తిడిలో ఉంటే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. రక్తం తీసి చూద్దామంటే పట్టుకున్న భయానికే అది పెరిగిపోతుంది, ఇంకేం కొలుస్తావు? మలంలో దాని అవశేషాలు దిగుతాయి, నిన్న మొన్న ఆ జంతువు ఎలా గడిపిందో అందులో ఉంటుంది. హైదరాబాద్ అత్తాపూర్‌లో ఉన్న లాకోన్స్ (అంతరించిపోతున్న జంతువుల మీద పనిచేసే ల్యాబ్) వాళ్ళు మధ్యప్రదేశ్ అడవుల్లో పులుల మలం ఏరి, టూరిస్టు జీపులు ఎక్కువున్న రోజుల్లో ఆ హార్మోను పెరుగుతోందని చూపించారు. పులికి తెలియనే తెలియదు తన మీద రీసెర్చ్ జరిగిందని.

కానీ ఎత్తడంలో పనితనం ఉంది. హార్మోను కావాలంటే పైపొర వదిలేసి లోపల నాలుగైదు చోట్ల నుంచి తీసి కలపాలి, ఎందుకంటే ఒకే ముద్దలో కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. డీఎన్‌ఏ కావాలంటే తలకిందులు, పైన జిగురుగా మెరిసే పొరనే గీకాలి, పేగుల కణాలు అంటుకునేది అక్కడే. తాజాగా ఉండాలి. మే నెల ఎండలో రెండు పూటలు పడున్నదాన్ని తెస్తే అందులో ఉన్న సూక్ష్మజీవులు హార్మోనుని తినేసి నీకు అబద్ధం చెబుతాయి. మీ తాతని అడుగు, కొట్టంలో ఆయన ఎప్పుడైనా ఇన్ని లెక్కలు చూసి ఎత్తాడేమో.

ఒక పోస్ట్‌మార్టం కూడా చెబుతాను, ఇంతవరకు మర్చిపోలేదు. పల్లెలోకి వచ్చిన చుక్కల దుప్పిని జనం తరిమి తరిమి పట్టుకుని, కాళ్ళు కట్టి, ఆటోలో వేసుకుని తెచ్చారు. దెబ్బ ఒక్కటీ లేదు. నీళ్ళు తాగింది, లేచి నిలబడింది, అందరూ సంతోషించారు. మూడో రోజు చనిపోయింది. తొడ కోస్తే కండ ఎర్రగా లేదు, ఉడికించిన కోడిమాంసంలా తెల్లగా ఉంది, మూత్రసంచిలో ఉన్నది కాఫీ డికాక్షన్ రంగు. అంత పరుగుకి, అంత భయానికి కండరాలు చితికి, ఆ రంగు పదార్థం కిడ్నీల్లో పడి అవి మూసుకుపోయాయి. క్యాప్చర్ మయోపతి అని పుస్తకంలో ఒక పేరా ఉంటుంది. ఆ తర్వాత నేను జింక దగ్గరకి ఎప్పుడు పోయినా ముందు కళ్ళకి గుడ్డ కట్టించి, జనం నోరు మూయించేవాణ్ణి. మందు కన్నా అదే పనిచేస్తుంది.

కుప్పం మామిడి తోపు:

డాక్టరు గారూ బాగా చెప్పినారు. అమ్మాయ్, నేను చదువుకున్నోణ్ణి కాదు, ఇంటర్ ఫెయిల్, కానీ ఒక మాట దిద్దుతా. అందరూ పేడ పేడ అంటున్నారు, మా పక్క అడవి అంటే ఏనుగులే, ఏనుగుది పేడ కాదమ్మా, లద్దె. ఆవుది పేడ, మేకది పెంటిక, ఏనుగుది లద్దె. థీసిస్‌లో తప్పు రాస్తే మా పరువు పోతాది.

మా నాయన చిన్నప్పుడు ఈ పక్క ఏనుగు లేదు. 1980ల్లో తమిళనాడు వైపు నుంచి గుంపు వచ్చింది, అడవి కౌండిన్య అభయారణ్యం అయింది 1990లో, అప్పట్నించి మాకూ వాటికీ ఒకటే తోపు, ఒకటే మడి, ఒకటే చెరువు. కోతకొచ్చిన వరిని ఒక్క రేయి తొక్కితే మిగిలేది గడ్డి కూడా కాదు. కోపం లేదా అంటే ఉంది. కానీ పొద్దున పోయి లద్దె చూస్తే ఎవరి చేను ఏం తినిందో తెలిసిపోతాది. తోతాపురి టెంకలు అట్లే ఉంటాయి, పనస గింజలు, చెరకు పిప్పి. ఒకసారి లద్దెలో చిప్స్ కవరు మెరుస్తా ఉండింది, బొమ్మ కూడా చెరగలేదు. అది నేను అడవిలో వేసింది కాదు, రోడ్డు పక్క టిఫిన్లు తిని పారేసే వాళ్ళది.

చనిపోయినవి కూడా చూసినాను. కరెంటు తీగ తగిలి. ఎవరు కట్టినారో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. డాక్టరు వచ్చి తొండం కింద మచ్చ వెతుకుతాడు, కాలిన చోటు అరచేయంత కూడా ఉండదు, అంత పెద్ద జంతువుకి. తర్వాత గుంత తీసి పూడ్చేస్తారు.

నాకు తెలియక అడుగుతా, మా ఆవులకి నోట్లో, గిట్టల్లో పుండ్లు పడే గాలికుంటు వచ్చిన ఏడు అదే చెరువులో నీళ్ళు తాగిన అడవి జంతువులకి రాదా? దీని మీద ఎవరూ ఏమీ చెప్పినట్టు లేదు.

అత్తాపూర్ బస్టాప్:

నేను ల్యాబ్ వైపు మనిషిని, శాంపిల్స్ వచ్చే వైపు కాదు, చూసే వైపు. కుప్పం అన్న అడిగింది మంచి ప్రశ్న. వస్తుంది. గాలికుంటు గిట్ట రెండుగా చీలిన వాటికి దేనికైనా అంటుకుంటుంది, అడవిదున్న, దుప్పి, అడవిపంది అన్నీ అందులోకే వస్తాయి, ఏనుగుకి కూడా వచ్చిన దాఖలాలున్నాయి. ఆవులకి ఆరు నెలలకోసారి వేసే టీకా అడవికి కూడా కంచె లాంటిదే.

జబ్బు అటు ఇటు నడుస్తుందనడానికి మన దేశంలోనే ఎన్ని ఉన్నాయో చూడండి. 2018లో గిర్‌లో కొన్ని వారాల్లోనే 20కి పైగా సింహాలు పోయాయి, పరీక్షల్లో దొరికిన వాటిలో ముఖ్యమైనది కుక్కలకి వచ్చే డిస్టెంపర్ వైరస్. 2021 మేలో హైదరాబాద్ జూలో 8 సింహాలకి కోవిడ్ వచ్చింది, ముక్కులోంచి కారుతోంది, దగ్గుతున్నాయి, అవి కోలుకున్నాయి. వాటికి అంటించింది ఇంకెవరు, మనుషులే అయ్యుంటారు. 2000లో ఒడిశా నందన్‌కానన్ జూలో సర్రాతో డజను దాకా పులులు పోయాయి, అది పశువులకి జోరీగలు మోసుకొచ్చే జబ్బు, పచ్చిమాంసం ద్వారా కూడా పాకుతుంది. పులి బోనులో పులి ఒక్కటే ఉంటుందనుకుంటాం, దాని చుట్టూ ఊరంతా ఉంటుంది.

ఏనుగుల్లో హెర్పిస్ వైరస్ ఒకటుంది, 1999లో మొదటిసారి గుర్తించారు. పెద్ద ఏనుగుల్లో నిద్రపోతూ ఉంటుంది, ఏమీ చెయ్యదు. పిల్ల ఏనుగులో లేచిందంటే పొద్దున కొంచెం నలతగా ఉన్నది, తల వాచి, నాలుక నీలమై, ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది. అదే నందన్‌కానన్‌లో 2019లో 4 పిల్లలు అలా పోయాయి. దీనికి విదేశీ జూలలో పిల్ల ఏనుగులకి వారం వారం రక్తం తీసి పీసీఆర్ చేస్తారు, లక్షణాలు కనపడకముందే వైరస్ లేస్తున్నట్టు తెలుస్తుంది కాబట్టి. ఇది అడవిలో కుదరదు, శిబిరంలో మచ్చికైన ఏనుగు దగ్గరే కుదురుతుంది.

క్షయ కూడా అంతే, ఏనుగుకి ఎక్కువగా మనిషి నుంచే వస్తుంది. తొండంలోకి ఉప్పునీళ్ళు పోసి, మావటి మాట మీద తొండం పైకెత్తించి, కాసేపాగి ప్లాస్టిక్ సంచిలోకి ఊదిస్తారు. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు. ఊదేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోవాలని మొదటిసారి ఎవరూ చెప్పరు, రెండోసారికి చెప్పక్కర్లేదు. కర్ణాటక 2025 మేలో ఆంధ్రప్రదేశ్‌కి 4 కుంకీ ఏనుగుల్ని (అడవి ఏనుగుల్ని తరమడానికి తర్ఫీదు ఇచ్చినవి) ఇచ్చింది కదా, మచ్చికైన ఏనుగులు మీ జిల్లా దగ్గర్లో ఉండటం చిన్న విషయం కాదు.

ఒక్క విన్నపం. ఏది ఎందులో పంపాలో దయచేసి ముందు అడగండి. చచ్చిన జంతువు నుంచి తీసిన ముక్కలన్నీ కుళ్ళకుండా ఉంచే ఫార్మలిన్‌లో ముంచి పంపేస్తారు. కణజాలం చూడటానికి అది బాగుంటుంది, వైరస్ పెంచడానికి, విషపరీక్షకి ఆ ముక్క పనికిరాదు. ఒక అడవి జంతువు చచ్చిపోయి ఇచ్చిన ఒకే ఒక్క అవకాశం సీసాలో ఊరగాయ అయిపోతుంది. కోపం వస్తుంది, ఎవరి మీద చూపించాలో తెలియదు.

నిజం మాట్లాడితే నిష్ఠూరం:

ఇదంతా బాగానే ఉంది. ఉద్యోగం సంగతి ఎవరూ ఎత్తడం లేదేంటి? నేనూ ఇలాంటి కలలతోనే ఎంవీఎస్సీ చేశాను. ఒక చోట కాంట్రాక్టు మీద తీసుకున్నారు, పేరెందుకు లెండి, 11 నెలలకోసారి కాగితం మార్చేవాళ్ళు, జీతం మూడు నెలలకోసారి పడేది. ఇప్పుడు కుక్కల క్లినిక్ పెట్టుకున్నాను, కడుపు నిండుతోంది. చెయ్యొద్దనను. కానీ వైల్డ్‌లైఫ్ అని పేరున్న డిగ్రీ కన్నా పాథాలజీయో (జబ్బుల శాస్త్రం), పారాసైటాలజీయో (పరాన్నజీవుల శాస్త్రం), మెడిసినో తీసుకుని అందులో అడవి జంతువు టాపిక్ చెయ్యి. రేపు పశువుల డాక్టరు పోస్టు పడినా, కాలేజీలో పోస్టు పడినా అర్హత పోదు. ఇంకోటి, అభయారణ్యంలో పడున్న లద్దె ముక్క తేవాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. దరఖాస్తు ఈ రోజే పెట్టు, అది వచ్చేలోపు నీకు పెళ్ళి కూడా అయిపోవచ్చు.

పాత స్టెతస్కోపు:

పై అబ్బాయి చెప్పిన సబ్జెక్టు సలహా నూటికి నూరుపాళ్ళు కరెక్టు. పెళ్ళి సంగతి వాళ్ళ అమ్మ చూసుకుంటుంది.

రాబందుల కథ మీకు క్లాసులో ఒక్క లైనులో చెప్పి ఉంటారు, దాన్ని కొంచెం నిదానంగా చూడు. నా చిన్నప్పుడు ఊరి బయట పశువుని పడేస్తే గంటలో రాబందులు దిగేవి. 1990ల్లో అవి రాలిపోవడం మొదలైంది, మూడు జాతుల్లో నూటికి 95 పైనే పోయాయి. అందరూ వైరస్ అనుకున్నారు, ఏళ్ళ తరబడి వైరస్ కోసం వెతికారు. చచ్చిన రాబందుని కోస్తే గుండె మీద, కాలేయం మీద సున్నం కొట్టినట్టు తెల్లటి పొడి. యూరిక్ యాసిడ్. కిడ్నీలు పోయాయన్నమాట. ఎందుకు పోయాయో 2004లో తేలింది, డైక్లోఫెనాక్. నొప్పికి ఆవుకి మనం వేసిన సూది! ఆవు చచ్చిపోయింది, రాబందు తినింది, దాని కిడ్నీ ఆగిపోయింది. 2006లో పశువులకి ఆ మందు ఆపేశారు, మెలాక్సికామ్ వాడమన్నారు. మనుషులకి అమ్మే పెద్ద సీసాలు కొని పశువులకి వేస్తున్నారని 2015లో ఆ సీసా సైజు 3 మిల్లీలీటర్లకి తగ్గించారు. రాబందులకి అలాగే చేటు చేసే నొప్పి మందులు కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా పశువులకి 2023లో ఆగాయి. నేనూ ఆ సూది ఎన్ని ఆవులకి వేశానో లెక్కలేదు. తెలియకే వేశాను, అయినా వేసింది నేనే.

కాబట్టి పలమనేరు పిల్లా, నువ్వు అడవిలోకి పోనక్కర్లేదు, అడవి అంచున ఆగు. కుప్పం ఆయన చెప్పిన ఆ చెరువే నీ టాపిక్. అందులో ఊరి ఆవులు తాగుతాయి, ఏనుగులు తాగుతాయి, దుప్పులు తాగుతాయి. ఆవు పేడలో ఏ కడుపు పురుగుల గుడ్లు ఉన్నాయి, లద్దెలో ఏవి ఉన్నాయి, వానాకాలం ఎంత, ఎండాకాలం ఎంత. దీనికి కావాల్సింది మైక్రోస్కోపు, ఉప్పు, గాజు పలకలు, ఓపిక. ఉప్పు ఇక కరగనంత కలిపిన నీళ్ళలో పేడ కలిపి వడకట్టి నిలబెడితే గుడ్లు పైకి తేలతాయి. కార్జపు జలగ (లివర్ ఫ్లూక్) గుడ్లు బరువు, అవి తేలవు, వాటిని అడుగున వెతకాలి, చాలామంది పిల్లలు ఇక్కడే తప్పు చేసి "జలగలు లేవు" అని రాసేస్తారు. చూడ్డానికి ఒకేలా ఉన్న గుడ్లు రెండు జంతువుల్లోనూ కనపడితే మాత్రం ఆవు నుంచి ఏనుగుకి పాకిందని వెంటనే రాసెయ్యకు. గుడ్డు చూసి జాతి చెప్పడం కష్టం, పిల్లపురుగు దాకా పెంచాలి, లేదా డీఎన్‌ఏ చూడాలి.

జూలో దుప్పులది కూడా తీసుకో, పోల్చడానికి. అక్కడ కడుపులో పురుగులు పోయే మందు దాణాలో కలిపి పెడతారు, మంద పెత్తనం చేసేది రెండింతలు తింటుంది, వెనకున్నది వాసన చూసి పోతుంది. తక్కువ డోసు పడిన ఒంట్లోనే మందుకి లొంగని పురుగులు తయారవుతాయి. మందు పెట్టకముందు, పెట్టిన రెండు వారాలకి గుడ్లు లెక్కపెట్టు చాలు. ఆ ఒక్క పట్టిక జూ డాక్టరుకి నీ థీసిస్ మొత్తం కన్నా ఎక్కువ పనికొస్తుంది.

పలమనేరు పిల్ల:

సార్, అందరికీ చాలా థాంక్స్, రెండుసార్లు చదివాను, రెండోసారి నోట్స్ రాసుకుంటూ. రాబందుల దగ్గర ఆగిపోయాను. మా ఊళ్ళో మందుల డబ్బా ఇంకా చాలామంది ఇళ్ళల్లో అటకమీదే ఉంటుంది, డాక్టరు రాకముందే ఎవరో ఒకరు సూది వేసేస్తారు. మా ఇంట్లో ఉన్నది దించి చూశాను, మెలాక్సికామే ఉంది, ఊపిరి పీల్చుకున్నాను.

పారాసైటాలజీ వైపే ఆలోచిస్తాను. అనుమతి కాగితాల గురించి రేపు మా మేడంని అడుగుతాను. ముందు ప్రాక్టీసుగా మా ఆవులవే చూద్దామని ఈ పొద్దున డబ్బాలు పట్టుకుని కొట్టంలోకి పోతే తాత వెనకాలే వచ్చి నిలబడ్డాడు. లోపల నుంచి తీస్తున్నాను కదా, "పైది ఎందుకు వదిలేస్తున్నావ్" అని అడిగాడు. చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "ఆ మూలనున్న ఆవు రెండు రోజుల నుంచి పల్చగా వేస్తోంది, ముందు దానిది చూడు" అన్నాడు.

కుప్పం అన్నా, మీ చెరువు ఒకసారి చూడొచ్చా? ఒక్కదాన్నే కాదులెండి, ఫారెస్ట్ వాళ్ళని అడిగి, ఎవరినైనా తోడు తెచ్చుకుంటాను.

కుప్పం మామిడి తోపు:

రామ్మా, దాందేముంది. సంగటి తిని పోదువు. బస్సు దిగి ఫోన్ చేస్తే మావాడు బండి తెస్తాడు. పొద్దున ఎనిమిది దాటినాక రా, సాయంత్రం నాలుగుకల్లా బయలుదేరిపోవాల. చెరువు కట్ట మీద చింతచెట్టు ఉంది, అది దాటి లోపలికి మాత్రం నేను లేకుండా పోవద్దు. ఎర్ర చొక్కా వద్దు అంటారు కొందరు, అది నాకు తెలీదు, కానీ సెంటు పూసుకోని రావద్దు. గాలి ఎటు వీస్తుందో చూసి పోదాం.